బి.బి. కింగ్ వైబ్రాటో: నా ప్రాక్టీస్ ఎంతవరకు వచ్చిందంటే

ఈ ఏడాది కొత్త పాటల జోలికి పోకుండా అమెరికా బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ వాయింపు ఒక్కదాన్నే పట్టుకుని కూర్చున్నాను. స్పీడు కాదు, పెద్ద పెద్ద స్కేళ్లు కాదు. ఒక్క స్వరాన్ని ఆయన ఎలా పలికించారు, ఎలా ఊపారు, ఎక్కడ ఆపేశారు అన్నదే పాఠం. వినేటప్పుడు ఇంతేనా అనిపిస్తుంది. ఆయన తర్వాత వచ్చిన గిటారిస్టులు ఇన్నేళ్లుగా ఆ నాలుగైదు స్వరాల చుట్టూ ఎందుకు తిరుగుతున్నారో చేతిలోకి తెచ్చుకోబోతే గానీ తెలీదు. ఇప్పటిదాకా కుదిరినవి, ఇంకా కుదరాల్సినవి ఇక్కడ రాసి పెడుతున్నాను. బ్లూస్ వైపు వద్దామనుకునేవాళ్లకి పనికొస్తాయి.

ముందు గిటార్ సంగతి. నాది సెమీ హాలో, అంటే లోపల కొంత బోలుగా ఉండే ఎలక్ట్రిక్ గిటార్. స్కేల్ పొడవు 24.75 అంగుళాలు కాబట్టి తీగ బిగువు కాస్త తక్కువ, బెండ్‌కి, అంటే తీగని పక్కకి లాగి స్వరం పెంచడానికి, సులువు. మొదట 9-42 తీగల సెట్ ఉండేది, వైబ్రాటో (స్వరాన్ని ఊపడం) మొదలుపెట్టాక కాస్త లావైన 10-46కి మారాను. సన్న తీగ వేలికి తేలిగ్గా లొంగుతుంది, స్వరం కూడా అంతే తేలిగ్గా జారిపోతుంది. కొంచెం లావు తీగ అయితే వేలికి ఎదురు నిలుస్తుంది, ఊపు అదుపులో ఉంటుంది. యాక్షన్, అంటే ఫ్రెట్ల (మెడ మీది మెట్ల) నుంచి తీగ ఎత్తు, పన్నెండో ఫ్రెట్ దగ్గర 1.8 మిల్లీమీటర్లు పెట్టించాను. మరీ కిందికి దించితే వేలికొసకి తీగ మీద పట్టు చిక్కదు. కొత్త తీగలు వేసిన రోజు ఒక్కోదాన్నీ చేత్తో మెల్లగా పైకి లాగి, మళ్లీ శ్రుతి చేసి, అలా కొన్నిసార్లు చేస్తే గానీ నిలబడవు. మెడ పైకొసన తీగలు ఆనే నట్ గాడుల్లో పెన్సిల్ ములికి రుద్దితే బెండ్ తర్వాత తీగ మళ్లీ తన చోటికి వచ్చేస్తుంది. మా విశాఖ సముద్రపు గాలికి తీగలు తొందరగా తుప్పు పడతాయి. అందుకని వాయించడం అయ్యాక నూలు గుడ్డతో తీగల పైనా కిందా తుడవడం తప్పనిసరి.

సెమీ హాలోతో ఇంకో తంటా ఉంది. ఆంప్ కొంచెం పెంచితే చాలు, ఫీడ్‌బ్యాక్ కూత మొదలవుతుంది. బి.బి. కింగ్ అయితే గిటార్ పైపలకలో ఉండే ఎఫ్ ఆకారపు కంతల్లో గుడ్డలు కుక్కేవారు. 1980లో గిబ్సన్ కంపెనీ ఆయన గిటార్ పేరుతోనే లుసీల్ మోడల్ తెచ్చినప్పుడు ఆ కంతలు లేకుండానే చేసింది. నేను గుడ్డ పద్ధతే పాటిస్తున్నాను, బాగా పనిచేస్తోంది.

లుసీల్ అన్న పేరు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. 1949 చలికాలంలో ఆర్కన్సా రాష్ట్రం ట్విస్ట్ అనే ఊళ్లో ఒక డాన్స్ హాల్లో ఆయన వాయిస్తుండగా ఇద్దరు మగవాళ్లు కొట్టుకుని, వెచ్చదనానికి వెలిగించిన కిరోసిన్ డబ్బాని పడగొట్టారు. హాలు అంటుకుంది. అందరితో పాటు బయటికి పరుగెత్తిన ఆయన, గిటార్ లోపలే ఉండిపోయిందని మళ్లీ మంటల్లోకి వెళ్లి తెచ్చుకున్నారు. ఆ గొడవ లుసీల్ అనే ఆమె గురించని తర్వాత తెలిసింది. ఇంకెప్పుడూ అలాంటి పని చేయకూడదని గుర్తుండేలా తన గిటార్‌కి ఆ పేరు పెట్టుకున్నారు. ఆ తర్వాత వచ్చిన గిటార్లన్నీ లుసీల్‌లే.

ఇక వాయింపు. గిటార్ వాళ్లు 'బి.బి. బాక్స్' అని పిలిచే చోటు ఒకటుంది. ఎ శ్రుతిలో అయితే రెండో తీగ (అన్నిటికన్నా సన్నది ఒకటో తీగ) పదో ఫ్రెట్ మీద చూపుడు వేలు పెట్టండి, అది షడ్జం. అదే తీగ పన్నెండో ఫ్రెట్ చతుశ్రుతి రిషభం. ఒకటో తీగ పదో ఫ్రెట్ శుద్ధ మధ్యమం, పన్నెండోది పంచమం. మూడో తీగ పదకొండో ఫ్రెట్ కింది స్థాయి చతుశ్రుతి ధైవతం. చెయ్యి కదలకుండా అరచేతి వెడల్పులో అన్నీ దొరుకుతాయి. మిగిలినవి తీగ లాగి తెచ్చుకోవాలి. రిషభాన్ని అర స్వరం లాగితే సాధారణ గాంధారం, పూర్తి స్వరం లాగితే అంతర గాంధారం. పంచమాన్ని పూర్తి స్వరం లాగితే పై ధైవతం.

కర్ణాటక సంగీతం కాస్త విన్న చెవికి ఇక్కడ ఒక విషయం వెంటనే తడుతుంది. బ్లూస్ నేర్చుకునేవాళ్లందరూ మొదట పట్టుకునే మైనర్ పెంటాటోనిక్ అనే అయిదు స్వరాల స్కేల్‌లోని స్వరాలు మన శుద్ధ ధన్యాసివే. మేజర్ పెంటాటోనిక్ మోహన. బి.బి. కింగ్ ఈ రెంటినీ ఒకే వాక్యంలో కలిపేస్తారు. ఎక్కడ ఏది అన్నది కింద నడిచే కార్డ్‌ని (ఒకేసారి పలికే స్వరాల గుంపుని) బట్టి ఉంటుంది. ఎ7 మీద ఉన్నప్పుడు అంతర గాంధారం దాకా లాగితే తియ్యగా కలుస్తుంది. కార్డ్ డి7కి మారగానే అదే వేలు, అదే ఫ్రెట్, కానీ అర స్వరమే లాగి సాధారణ గాంధారం దగ్గర ఆపాలి, ఎందుకంటే డి7లో ఉన్నది ఆ స్వరమే. ఈ ఒక్క తేడా చేతికి అలవాటయ్యాక నా సోలోలు స్కేల్ అప్పజెప్పినట్టు కాకుండా పాటలా వినిపించడం మొదలైంది.

బెండ్ శ్రుతిలో పడటానికి నేను చేస్తున్నది ఇది. ముందు రెండో తీగ పద్నాలుగో ఫ్రెట్ మీటి అంతర గాంధారం వింటాను. తర్వాత పన్నెండో ఫ్రెట్ నుంచి ఉంగరపు వేలితో లాగి ఆ స్వరాన్నే అందుకోవాలి. మధ్య వేలు, చూపుడు వేలు వెనక ఆసరాగా ఉండాలి, ఒక్క వేలితో లాగితే కీలు నొప్పి పుడుతుంది. ట్యూనర్ ముందు పెట్టుకుంటాను కానీ లాగేటప్పుడు చూడను, లాగి ఆపాక చూస్తాను. ఎక్కువసార్లు కాస్త తక్కువలోనే ఆగుతోంది, ముఖ్యంగా చెయ్యి అలిసిపోయినప్పుడు.

వైబ్రాటో మాత్రం వేరే లోకం. ఆయన రైలీ బి. కింగ్‌గా 1925లో మిసిసిపీ రాష్ట్రంలో ఇట్టా బెనా దగ్గర పుట్టారు. పత్తి ఏరారు, ట్రాక్టర్ నడిపారు. 1946లో మెంఫిస్ వెళ్లి, వరసకు బంధువైన బుక్కా వైట్ దగ్గర కొన్నాళ్లున్నారు. బుక్కా వైట్ స్లయిడ్‌తో, అంటే తీగ మీద గొట్టం జారుస్తూ వాయించేవారు. ఆ గొట్టం ఈయన చేతికి లొంగలేదు. కానీ ఆ వణుకు కావాలి. దాంతో ఒట్టి వేలితోనే తెచ్చుకునే దారి కనిపెట్టారు. బ్లూస్ గిటార్ గొంతు మారిపోయింది అక్కడే అని నా నమ్మకం.

చేతి పని ఇలా ఉంటుంది. చూపుడు వేలు కొస తీగ మీద గట్టిగా ఆనాలి. బొటనవేలు మెడ వెనక నుంచి పూర్తిగా వదిలెయ్యాలి. మిగతా మూడు వేళ్లు విచ్చుకుని గాల్లో ఉంటాయి. ఊపు వేలిది కాదు, ముంజేతిది, తలుపు గుబ్బ అటూ ఇటూ తిప్పినట్టు. బొటనవేలు వదిలేసరికి మొదట్లో మెడ చేతిలోంచి జారిపోతున్నట్టు అనిపిస్తుంది. గిటార్ బెల్టు కాస్త పైకి బిగించి, కూర్చున్నా బెల్టుతోనే వాయిస్తే ఆ భయం పోతుంది. తాళం కొట్టే మెట్రోనోమ్‌ని నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి, ఒక్కో దెబ్బకి రెండు ఊపులు, అవి సమంగా వచ్చాక మూడు, తర్వాత నాలుగు. ప్రస్తుతం మూడు బాగా వస్తున్నాయి, నాలుగు కొద్దిసేపే నిలుస్తున్నాయి. ఇంకో ముఖ్యమైన సంగతి: ఆయన స్వరాన్ని మీటగానే ఊపరు. ఒక క్షణం నిలువుగా పలకనిచ్చి, అప్పుడు ఊపుతారు. రికార్డింగ్‌ని సగం వేగంతో వింటే స్పష్టంగా తెలుస్తుంది.

ఆయన పాడేటప్పుడు గిటార్ వాయించరు, గిటార్ పలికేటప్పుడు పాడరు. గొంతు ఒక మాట అంటుంది, లుసీల్ జవాబిస్తుంది. దీన్ని ప్రాక్టీస్‌గా మార్చుకున్నాను. పన్నెండు బార్ల (బార్ అంటే మన తాళంలో ఆవర్తం లాంటిది) ట్రాక్ పెట్టుకుని రెండు బార్లు ఏదో ఒకటి గొంతుతో పాడటం, తర్వాతి రెండు బార్లు దానికి గిటార్‌తో బదులివ్వడం. ఊపిరి తీసుకునే చోట చెయ్యి కూడా ఆగుతుంది. అనవసరపు స్వరాలు వాటంతటవే రాలిపోయాయి. ఈ జవాబుల ఆట వినాలంటే 1964 నవంబర్ 21న చికాగోలో రికార్డ్ చేసిన 'లైవ్ ఎట్ ద రీగల్' వినండి. జనం ఒక్కో స్వరానికి కేకలు పెడతారు. దాన్ని 2005లో అమెరికా జాతీయ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేర్చారు.

అక్కడికి రావడానికి ఆయన పడ్డ కష్టం మామూలుది కాదు. మెంఫిస్‌లో డబ్ల్యూడీఐఏ రేడియోలో పాడుతూ, రికార్డులు వేస్తూ 'బీల్ స్ట్రీట్ బ్లూస్ బాయ్' అనిపించుకున్నారు, అదే కుదించుకుని బి.బి. అయింది. 1951లో రికార్డ్ చేసిన 'త్రీ ఓ క్లాక్ బ్లూస్' మరుసటి ఏడాది ఆర్ అండ్ బి (రిథమ్ అండ్ బ్లూస్) పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. 1956లో ఒక్క ఏడాదే 342 ప్రదర్శనలు ఇచ్చారు. అయినా తెల్లవాళ్ల శ్రోతలు ఆయన్ని పట్టించుకోవడానికి ఇంకో పదేళ్లు పట్టింది. 1967లో శాన్ ఫ్రాన్సిస్కోలోని ఫిల్‌మోర్ హాల్లో పొడుగు జుట్టు కుర్రాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొడితే ఆయన కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ తరం కుర్రాళ్లు అప్పటికే ఎరిక్ క్లాప్టన్, పీటర్ గ్రీన్, మైక్ బ్లూమ్‌ఫీల్డ్ గిటార్లలో ఆయన్నే వింటున్నారు. పీటర్ గ్రీన్‌ని, బి.బి. కింగ్‌ని ఒకదాని వెంట ఒకటి విని చూడండి. స్వరం చివర ఆ ఊపు ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నా చేతిలో ఉన్నది 'ద థ్రిల్ ఈజ్ గాన్'. అసలు 1951లో రాయ్ హాకిన్స్ పాడిన పాట, 1969లో బి.బి. కింగ్ వయొలిన్లతో కొత్తగా చేశారు. బి మైనర్, కాబట్టి షడ్జం పన్నెండో ఫ్రెట్‌కి జరుగుతుంది, అంతర గాంధారం పనికిరాదు. మొదటి నాలుగు బార్లు బి మైనర్, రెండు ఇ మైనర్, రెండు బి మైనర్. తొమ్మిదో బార్‌లో జి, పదిలో ఎఫ్ షార్ప్ 7, మళ్లీ బి మైనర్. వేగం 90 దగ్గర. పాట మొదట్లో వచ్చే సోలో ఇప్పుడు పూర్తిగా వస్తోంది. జి మీద నుంచి ఎఫ్ షార్ప్ 7 మీదకి దిగేటప్పుడు ఏ స్వరం మీద ఆగాలో ఇంకా తేలలేదు. ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వింటే పదో బార్‌లోనే వాక్యం తెగిపోతోంది. ఈ నెలంతా ఆ రెండు బార్లనే లూప్‌లో పెట్టి వాయిస్తాను. అది కుదిరాక ఆయన ఎవరిని విని నేర్చుకున్నారో వాళ్ల దగ్గరికి వెళ్లాలని ఉంది. ముందు టి-బోన్ వాకర్, ఆ తర్వాత లోనీ జాన్సన్.