రాపూరు నిమ్మతోట కంచెలో సుగంధిపాల

సుగంధిపాల అంటే వేరు కమ్మటి వాసన వేసే తీగ, ఆ వేరుతో షర్బత్ చేస్తారు. పోయినేడు సుగంధిపాల అనుకుని నేను పెంచింది సుగంధిపాల కాదు. ఊరిబయట కంచె మీద కనిపించిన తీగను తెచ్చి కుండీలో పెట్టి ఏడాదిపాటు నీళ్లు పోశాను. తుంచితే పాలు కారేవి కాబట్టి అనుమానం రాలేదు. చివరికి వేరు తవ్వి గీరితే ఏ వాసనా లేదు. ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది.

ఈసారి తెలిసినవాళ్ల దగ్గర కళ్లారా చూసి నేర్చుకోవాలని సంక్రాంతి వెళ్లాక నెల్లూరులో పొద్దున్నే బస్సెక్కాను. పొదలకూరు దాటాక ఎటు చూసినా నిమ్మతోటలే. రాపూరులో దిగేసరికి మా మేనమామ ఎదురుచూస్తున్నాడు. ఆయన తోటలో పనిచేసే యానాది తాత కూడా మాతో అడవిలోని నరసింహస్వామి క్షేత్రం పెంచలకోనకు వచ్చాడు.

స్వామి దర్శనం అయ్యాక వాగు వెంట కాస్త దూరం నడిచాం. రాళ్ల మధ్య ముళ్లపొదను చుట్టుకున్న సన్నతీగ నా పక్కనే ఉన్నా నాకు కనబడలేదు. తాతే ఆపాడు.

"ఆకు నడిమిన చూడు తల్లీ, సున్నంతో గీత గీసినట్టు లేదా?"

ముదురాకుపచ్చ మీద ఈనె పొడవునా తెల్లటి చార. ఆకులు ఎదురెదురుగా జంటలు. ఒకే తీగ మీద కొన్ని గడ్డిపోచలా సన్నగా, కొన్ని కోలగా, వెడల్పుగా. ఫోన్‌లో బొమ్మలు చూసి ఎందుకు పొరబడ్డానో అప్పుడు తెలిసింది. బొమ్మలో ఒక్క రకం ఆకే ఉంటుంది. నేను పెంచింది నల్లతీగ అట. దాని ఆకుకు ఈ చార ఉండదు, లేతకాడకు తుప్పురంగు నూగు ఉంటుంది. పాలు మాత్రం రెండింటికీ కారతాయి.

అక్కడ ఒక్క ఆకు కూడా కోయలేదు. అది పెనుశిల నరసింహ అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉండనే ఉంది, అది లేకపోయినా నాకు చెయ్యి రాదు. వేరు కోసం వాడే మొక్క ఇది, వేరు పీకితే మొక్కే పోతుంది. నన్నారి షర్బత్‌కు మనవైపు ఎక్కువగా వాడే మారేడు గడ్డలది వేరే జాతి, లావుపాటి వేళ్లు, వాసన మాత్రం ఇదే. వాటిని తవ్వి తవ్వి కొండల్లో అరుదు చేసేశాం.

మధ్యాహ్నం మామ తోటకు వెళ్తే, కంచెలోనే ఉంది సుగంధిపాల! తాత గడ్డపార ముట్టలేదు. కొడవలి మొనతో ఒకపక్క మట్టి తీసి, పెన్సిలంత పక్కవేరు ఒకటి కోసి, మళ్లీ మట్టి కప్పి తొక్కాడు. "తల్లివేరు జోలికి పోకూడదమ్మా" అంటూ కోసిన వేరును గోటితో గీరి నా ముక్కు దగ్గర పెట్టాడు. తడిమట్టి వాసనలోంచి వెనిల్లా లాంటి తియ్యటి పరిమళం. ఎండాకాలం అమ్మమ్మ నిమ్మకాయ పిండి ఇచ్చిన షర్బత్ గ్లాసు కళ్ల ముందు నిలిచింది.

ఆ వేరును తడిగుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చి, 2 అంగుళాల చొప్పున 3 ముక్కలు చేశాను. ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి, పైకొస పైకే ఉండేలా ఏటవాలుగా నాటి నీడలో పెట్టాను. నీళ్లు నిలిస్తే కుళ్లుతుందని తాత గట్టిగా చెప్పాడు కాబట్టి మట్టిపైన ఆరితేనే తడిపాను. నెల దాటాక రెండు చిగురించాయి, మూడోది రాలేదు. వేరు తీయాలంటే రెండేళ్లకు పైగా ఆగాలి.

తొలి ఆకుల మీదే తెల్లచార కనబడింది. ఫోటో తీసి మామకు పంపి తాతకు చూపించమన్నాను. చూసి, "పుల్ల పాతమనండి, అల్లుకుంటది" అన్నాడట.