ప్రవక్త్రి అన్నమ్మ పలికిన మాటలు

ఫిబ్రవరి 2 అనగానే మన కతోలికులకు కొవ్వొత్తులే గుర్తుకొస్తాయి. ఆశీర్వదించిన కొవ్వొత్తి చేతికి అందేదాకా తోపులాట, అందాక ఫోటో, పూజ ముగియకముందే బండి తాళం చెవి బయటికి. ప్రభువును దేవాలయంలో సమర్పించిన ఈ పండుగ నాడే మఠకన్యల దినం కూడా. రెండవ జాన్ పౌలు జగద్గురువులు (పోపు) 1997 నుంచి ఈ రోజును సమర్పిత జీవితానికి, అంటే దేవునికి అంకితమైన మఠవాసుల జీవితానికి, కేటాయించారు. ఏటా గుడిలో ప్రకటిస్తూనే ఉన్నారు, వినేవారే తక్కువ. ముందు వరుసలో కూర్చున్న సిస్టర్లను పలకరించేవారు ఇంకా తక్కువ. ఇది చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

ఆ రోజు సువిశేషం లూకా 2వ అధ్యాయం. సిమియోను గురించి ప్రసంగాలు చాలా విన్నాం. బాలయేసును ఎత్తుకొని ఆయన చేసిన స్తుతిని శ్రీసభ ప్రతి రాత్రి జపంలో పలుకుతూనే ఉంది. మరి అదే గడియలో అక్కడికి వచ్చిన అన్నమ్మ సంగతి? ఏడేళ్ల కాపురం, ఆపైన బహుకాలపు వైధవ్యం, దేవాలయం విడవకుండా రేయింబవళ్లు ఉపవాస ప్రార్థనలు. ఇంత చెప్పిన లూకా ఆమె నోటి నుంచి వచ్చిన ఒక్క మాటనైనా రాయలేదు. అలాగని ఆమె ఊరకే లేదు. విమోచన కోసం ఎదురుచూస్తున్న వారందరికీ ఆ బిడ్డను గురించి చెబుతూ ఉందట. వచ్చినవారికల్లా చెప్పింది, విసుగు లేకుండా చెప్పింది. చదువు చెప్పేవారి పని అదే కదా! ఆ మాటలు ఏ గ్రంథంలోనూ లేవు, విన్నవారిలోకి వెళ్లిపోయాయి. అన్నమ్మ ఏం చెప్పిందో తెలియాలంటే ఆమె దగ్గర విన్నవాళ్లనే అడగాలి.

ఈ వచనాల దగ్గరికి వచ్చినప్పుడల్లా మునుగోడు వైపు పల్లెలో మాకు చదువు చెప్పిన సిస్టరమ్మ కళ్లముందు మెదులుతుంది. మావి ఫ్లోరైడ్ నీళ్లు. మొదటి గంట కొట్టకముందే ఆమె కొంగు నడుముకు దోపుకొని, తొట్టిలో పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పొడి వేసి కర్రతో కలిపేది. నల్లగొండ పేరుతోనే లోకానికి తెలిసిన పద్ధతి అది. మడ్డి అడుగుకు దిగాక పైతేట నీళ్లు మాకు. ఒక పక్క కలుపుతూనే మా చేత ఎక్కాలు అప్పజెప్పించుకునేది. మోకాళ్లు వంకరపోయి నేల మీద కూర్చోలేని పిల్లవాడికి గోడ వార ఎత్తు పీట వేయించింది. పద్యం ముందుగా వాడి చేతే చదివించేది. ఖంగున మోగే గొంతు వాడిది. వాడు చదువుతుంటే మాలో ఎవరమూ వాడి కాళ్ల వంక చూసేవాళ్లం కాదు.

ఒక వేసవిలో బదిలీ వచ్చింది. విధేయత మాటపట్టు ఉన్నవారు ఎందుకని అడగరు. చిన్న పెట్టె పట్టుకొని బస్సెక్కి వెళ్లిపోయింది.

1976లో నల్లగొండ మేత్రాసనం (బిషప్పు పాలనలోని ప్రాంతం) ఏర్పడింది. ఆనాటి నుంచి ఇలా వచ్చి, చెప్పి, వెళ్లిపోయినవారు ఎందరో! వారి దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లమే ఇవాళ గుడిలో తల తిప్పుకొని పోతున్నాం. ఇకనైనా మానుకుందాం. ఈ ఫిబ్రవరిలో పూజ కాగానే మఠం దాకా వెళ్లండి. బడి పని మానేసిన పెద్ద సిస్టరు ఎవరైనా ఉంటే ఆమె దగ్గర కూర్చోండి. పిల్లలనూ వెంట తీసుకువెళ్లండి. వాళ్ల చేత ఒక కీర్తన చదివించండి. తప్పు పలికితే ఆమె దిద్దుతుంది, దిద్దనివ్వండి.