తెల్ల జిగ్‌ల మీద సూదిబెజ్జాలు: 9 నుంచి 14వ విడత దాకా

దొరికింది! ఆరు విడతలు, 72 జిగ్‌లు పోయాక దొరికింది. తెల్ల రంగు జిగ్‌తలల (చేపల గాలానికి కొక్కెం మీద పోసే సీసపు తలల) మీద లేచే సూదిబెజ్జాలకు ప్రధాన కారణం సీసంలో లేదు, పైన కరిగించి పట్టించే రంగు పొడిలో ఉంది. అందులోనూ సగం తప్పు పొడి రకానిది, మిగతా సగం దాన్ని అతిగా పట్టించడానిది. నల్ల జిగ్‌లు, చిలకపచ్చవి మొదటిసారే కుదిరాయి. వాటి గురించి చెప్పడానికి ఇంకేం లేదు.

అన్ని విడతలకూ సరంజామా ఒకటే. డూ-ఇట్ కంపెనీ అల్యూమినియం అచ్చులో 14 గ్రాముల గుండ్రటి తల, మస్టాడ్ కంపెనీ 3/0 సైజు కొక్కెం, మెత్తని సీసం, పోత 380 డిగ్రీల సెల్సియస్ దగ్గర. హీట్ గన్‌తో వేడి, అక్వేరియం పంపుతో నడిచే ఫ్లూయిడ్ బెడ్ (అడుగు నుంచి గాలి ఊది పొడిని మసిలించే పాత్ర, వేడెక్కిన తలను ముంచేది ఇందులోనే), వంటింటి మొహం మళ్లీ చూడని టోస్టర్ ఓవెన్. విడతకు 12 ముక్కలు.

తప్పు ఎలా కనబడుతుందంటే, ఓవెన్‌లో పెట్టిన నాలుగో నిమిషం వరకూ ఏ గొడవా ఉండదు. పొడి కరిగి, పరుచుకుని, పాలలా మెరుస్తుంది. ఆరో నిమిషం నుంచి అద్దంలోంచి చూస్తే చినుకు పడ్డ దుమ్ములా సన్నటి గుంటలు మొదలవుతాయి. కొన్ని పూడుకుపోతాయి, కొన్ని పొక్కులుగా నిలబడిపోతాయి. చల్లారాక భూతద్దం కింద లెక్కపెడితే తలకు సగటున 14. వీటిని వదిలేస్తే నీళ్లు లోపలికి దిగి, రాయికి తగిలిన మొదటి దెబ్బకే పెచ్చు లేస్తుంది.

9వ విడతలో అనుమానం జిడ్డు మీద. అచ్చుకు కొవ్వొత్తి మసి పట్టించిన ఆరు, గ్రాఫైట్ స్ప్రే కొట్టిన ఆరు. రెండు రకాల్నీ అసిటోన్‌లో కడిగి, చేత్తో ముట్టకుండా కొక్కెం పట్టుకునే వేలాడదీసినవే. తేడా సున్నా. అన్నట్టు గ్రాఫైట్ స్ప్రే కంటే మసే నయం. గ్రాఫైట్ అచ్చులో గాలి పోయే గాట్లలో పేరుకుని మూలలు నిండనివ్వదు.

10వ విడతలో అనుమానం పోతలో చిక్కిన గాలి మీద. పొడి పట్టించకముందే ముక్కల్ని 200 డిగ్రీల దగ్గర అరగంట కాల్చి గాలి వెళ్లగొట్టడం పాత చిట్కా. బెజ్జాలు 14 నుంచి 11కి దిగాయి. తగ్గినవన్నీ పోతమూతి (సీసం పోసే చోటు) దగ్గరవే. ఇక్కడే సంగతి కాస్త తేలింది. చెంప మీది ఒక పొక్కును కొత్త బ్లేడుతో అడ్డంగా కోసి చూస్తే లోపల తెల్లగోడల చిన్న గుహ. దాని అడుగున కూడా తెల్ల రంగే. సీసం దాకా పోలేదు. పోతమూతి దగ్గర పొక్కును కోస్తే మాత్రం రంగు కింద సీసంలోనే గుండుసూది తల పట్టేంత గుంట. అంటే ఒకే రోగం కాదు, రెండు. మూతి దగ్గరది పోత లోపం: లోహం గడ్డకట్టేటప్పుడు కుంచించుకుని వదిలిన ఖాళీ. అచ్చును ఇంకాస్త వేడెక్కించి, మూతి మీద ధార ఒక క్షణం ఎక్కువ నిలిపితే అది పోయింది. చెంప మీది గుహ మాత్రం రంగులోనే పుట్టి రంగులోనే ఆగింది.

11వ విడతలో తేమ పని పట్టడం. పొడి డబ్బాలో రెండు రోజులు సిలికా జెల్, పంపు గాలి కూడా సిలికా జెల్ గొట్టం గుండానే. ఇందువల్ల బెడ్ బ్రహ్మాండంగా కుదిరింది. గడ్డలు లేవు, పొడి నీళ్లలా మసులుతోంది. ఆ గొట్టం ఇక అక్కడే ఉంటుంది. బెజ్జాలు మాత్రం తగ్గలేదు.

12వ విడత ఓవెన్ సంగతి. బలికిచ్చిన ఒక జిగ్‌కు 1.5 మిల్లీమీటర్ల రంధ్రం వేసి కె-టైప్ థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) దూర్చి చూస్తే, డయల్ 180 అంటుంటే లోపలి గాలి 171కీ 208కీ మధ్య ఊగుతోంది. ముక్క 180కి చేరడానికే దాదాపు తొమ్మిది నిమిషాలు. కాబట్టి గడియారం మొదలుపెట్టాల్సింది తలుపు వేసినప్పుడు కాదు, ముక్క వేడెక్కాక. కాలే కడ్డీకీ జిగ్‌లకూ నడుమ ఒక రేకు అడ్డం పెడితే కడ్డీ వైపు చెంప పసుపెక్కడం ఆగింది, బెజ్జాలు రెండు మూడు తగ్గాయి. ఎలాగూ థర్మోకపుల్ ఉందని వేడి పెంచి త్వరగా ముగించాలనుకునేవాళ్లకు ఒక మాట: పాత టంకం కలిసిన తుక్కు సీసం ఓవెన్‌లోనే కిందికి జారుతుంది. సీసం 327 దగ్గర కరుగుతుంది గానీ తగరం పాలు బాగా ఎక్కువైతే ఆ మిశ్రమం 183 దగ్గరే మెత్తబడటం మొదలెడుతుంది.

ఇక 13వ విడత. రంగు మందం కొలవడానికి ఖరీదైన గేజీ అక్కర్లేదు, 0.01 గ్రాము చూపే తక్కెడ చాలు. 14 గ్రాముల గుండు సుమారు 13.3 మిల్లీమీటర్ల వ్యాసం, 5.6 చదరపు సెంటీమీటర్ల ఉపరితలం. తెల్ల పొడి సాంద్రత 1.6 అనుకుంటే 0.01 గ్రాము బరువు పెరిగితే 11 మైక్రాన్లు పట్టినట్టు. కొక్కెం కాడకు అంటిన పొడిని ముందే తుడిచేయాలి, లేకపోతే లెక్క తప్పుతుంది.

నాలుగేసి ముక్కలు, మూడు రకాలు. 20 సెకన్లు గన్ కింద పెడితే తల 185 డిగ్రీలు; మూడు సెకన్లు ముంచితే 0.20 నుంచి 0.23 గ్రాముల పొడి, అంటే 225 నుంచి 260 మైక్రాన్లు. బెజ్జాలు యథాప్రకారం 14 చొప్పున. 12 సెకన్ల వేడి, 150 డిగ్రీలు, రెండు సెకన్ల ముంపు: 0.12 నుంచి 0.14 గ్రాములు, బెజ్జాలు రెండో మూడో. 8 సెకన్లు, 125 డిగ్రీలు, ఒక్క సెకను: 0.07 నుంచి 0.09 గ్రాములు, ఒక్క బెజ్జం కూడా లేదు. అద్దంలా ఉంది! పౌడర్ కోటింగ్‌కు మామూలుగా చెప్పే మందం 60 నుంచి 80 మైక్రాన్లు. ఇన్నాళ్లూ పట్టిస్తున్నది దానికి మూడింతలు. తెల్లకు కప్పే శక్తి తక్కువ, కింద సీసం బూడిదరంగులో తొంగిచూస్తుంది కాబట్టి ఇంకొంచెం, ఇంకొంచెం అని ముంచడమే జరిగింది.

మరి నల్లదాన్నీ అంతే మందంగా పట్టిస్తే? 0.21 గ్రాములు పట్టించి చూస్తే నున్నగా వచ్చింది. డబ్బాల సాంకేతిక పత్రాలు తీస్తే ముడి వీడింది. రెండూ పాలియెస్టరే, గట్టిపరిచే మందు వేరు. నల్లదానిలో టీజీఐసీ, తెల్లదానిలో హెచ్‌ఏఏ. హెచ్‌ఏఏ రకం గట్టిపడేటప్పుడు రసాయనచర్యలోనే నీటి ఆవిరి పుడుతుంది. పొర పలచగా ఉంటే అది దారి చూసుకుని పోతుంది. 100 మైక్రాన్లు దాటిన కొద్దీ బయటపడేలోపే పైన రంగు బిగిసిపోతుంది. బ్లేడు కింద కనబడ్డ గుహ అదే. టీజీఐసీలో అలా ఆవిరి పుట్టదు, మందాన్ని ఓర్చుకుంటుంది. అయితే టీజీఐసీ జన్యువులకు హాని చేసే పదార్థంగా యూరప్ జాబితాలో ఉంది, హెచ్‌ఏఏ అక్కడ అంతగా వాడుకలోకి రావడానికి కారణం అదే. ఏ పొడికైనా మాస్కు తప్పదు, టీజీఐసీకైతే అసలే తప్పదు.

14వ విడతలో పాత తెల్లనే రెండు పలచటి పొరలుగా. మొదటి పొర 0.07 గ్రాములు, ఓవెన్‌లో పూర్తిగా కాల్చి, ఇంకా వేడిగా ఉండగానే రెండో ముంపు, ఇంకో 0.06. మొత్తం 145 మైక్రాన్లు, 12 తలల్లో కలిపి రెండు బెజ్జాలు. బూడిద మచ్చ ఎక్కడా లేదు. అసిటోన్‌లో తడిపిన దూదితో 50 సార్లు రుద్దినా దూదికి రంగు అంటలేదు, కాబట్టి బాగా కాలినట్టే. తల వెనక మెడలా ఉండే కాలరు గట్ల మీద మాత్రం రంగు ఇంకా వెనక్కి జరుగుతోంది. పదునైన అంచు మీద కరిగిన పొర నిలవదు మరి. పోత అయ్యాక ఆ అంచును ఆకురాయితో ఒక్కసారి తగిలిస్తే సరిపోవచ్చు. ఆ రజను తడిగుడ్డతో తుడవాలి, ఊదకూడదు.

రెండు అభిప్రాయాలు. జిగ్‌లకైతే చిన్న జాడీల్లో వచ్చే ప్రో-టెక్ పొడికే ఓటు. ముంచడం కోసమే చేసింది కాబట్టి బెడ్‌లో పేచీ పెట్టదు. గుత్తగా కొనే కారు చక్రాల పొడులు చౌకే గానీ వాటిలో చాలావరకు విద్యుత్ గన్‌తో చల్లడానికి చేసినవి. ఇక కొవ్వొత్తి మంట మీద వేడిచేసే పద్ధతి వద్దు. మసి తెల్ల కింద కనబడుతుంది, కొక్కెం కాడ నీలం తిరిగితే దాని బిగువు చెడినట్టే.

ఇదే రెండు పొరల తెల్ల మీద ఫ్లోరసెంట్ నారింజ వేయాలి. ఆ రంగులకు కింద తెల్ల లేకపోతే జీవం ఉండదు. మందం మూడో పొరతో 200 దాటుతుంది కాబట్టి పైది టీజీఐసీ రకమే అయ్యుండాలి. ఆ తర్వాత సీసం బదులు తగరం. బ్రిటన్‌లో చేపల వేటకు వాడే 0.06 నుంచి 28.35 గ్రాముల దాకా సీసపు గుండ్ల అమ్మకం 1987 నుంచే నిషేధం, మిగతాచోట్లా గాలి అటే వీస్తోంది. తగరం 232 దగ్గర కరుగుతుంది, 180 డిగ్రీల కాల్పుకు 50 డిగ్రీల వెసులుబాటుంది. ఓవెన్ 208కి ఎగిరే ఊగుడును ముందు తగ్గించుకోవాలి. బిస్మత్-తగరం మిశ్రమం 138 దగ్గరే కరుగుతుంది, దానికి ఈ పొడులు పనికిరావు. 14 గ్రాముల అచ్చులో తగరం పోస్తే 9 గ్రాములే తూగుతుంది, అందుకని 21 గ్రాముల అచ్చు తీయాలి. అందులో 13.5 గ్రాములు రావాలి.