జనవరిల వడ్లెక్కడియిరా?

మిర్యాలగూడల మా మామ గుమస్తాగ చేసే రైస్ మిల్లు కాంటా లెక్కలు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషల సర్దిచ్చిన. తేదీలన్నీ 05/11/2023 తీరుగ ఉన్నయి. 2023-11-05 చేస్తే వరుస దానంతటదే పడుతది. రాసిన తేదీని చదివే పైథాన్ ఫంక్షన్ స్ట్రిప్‌టైమ్‌కు, ఏది రోజో ఏది నెలో చెప్పే ఫార్మాట్ ఇచ్చిన, ఎర్రర్ రాలే, ఖుషీగ పంపిన.

గంటల మామ ఫోన్. "ఏందిరా అల్లుడా, జనవరిల నాట్లేస్తరు గాని వడ్లెక్కడియిరా? లారీలన్నీ నడిరాత్రే వచ్చినయా?"

చూస్తే, ఆ ఫార్మాట్‌ల నెలకు చిన్న ఎమ్ (m) పెట్టాల్సిన కాడ పెద్ద ఎమ్ కొట్టిన. పెద్దదంటే నిమిషాలు. నవంబర్ కాస్తా 11 నిమిషాలయింది. నెల చెప్పలే గదా అని పైథాన్ తనే జనవరి వేసుకుంది. జనవరి 5, రాత్రి 12:11. తప్పురా అని ఒక్క మాటన్నా బాగుండు, కిక్కురుమనలే.

అది దిద్దినంక ఇంకోటి. కాంటా మెషిన్ టైమ్ యూటీసీల (ప్రపంచమంతటికి ఒకటే లెక్క టైమ్) ఉంది, మనకన్నా 5:30 గంటలు వెనక. తెల్లారుజామున 4కు తూకమైన లారీ నిన్నటి పద్దులకు పోయింది. ఏ ఊరి టైమో చెప్పే పైథాన్ జోన్‌ఇన్ఫోల ఏషియా/కోల్‌కతా ఇస్తే కుదిరింది. (హైదరాబాద్ అని రాస్తే తీసుకోదు, అదో బాధ.)

మామ ఇప్పటికీ చేతి పుస్తకం పక్కన పెట్టుకునే నా షీట్ తెరుస్తుండు.