ఎస్‌సీ-55: పాత ఆర్కెస్ట్రా డబ్బా నల్గొండకు వచ్చింది

జనవరి

మొత్తానికి కొన్నాను. రోలాండ్ సౌండ్ కాన్వాస్ ఎస్‌సీ-55, 1991 నాటి మోడల్. దీనికి వాయించే మీటలుండవు. కీబోర్డో కంప్యూటరో మిడి (ఏ నోటు ఎప్పుడు మోగాలో చెప్పే సంకేతాల పద్ధతి) కేబుల్ గుండా ఏం చెప్తే అది వాయిస్తుంది. జపాన్‌లో వాడిన ముక్కను హైదరాబాద్‌లో ఒకాయన తెప్పించుకుని, మోజు తీరాక అమ్మకానికి పెట్టాడు. పదివేలు దాటింది. ఇంచుమించు ఇవే సౌండ్లు ఫోన్‌లో పైసా ఖర్చు లేకుండా వస్తాయని నాకూ తెలుసు.

తొంభైల చివర మా బావ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాడు. పెళ్లిళ్లు, వినాయక మండపాలు, చెరువుగట్టు జాతర. కీబోర్డు పక్కన స్టూలు మీద ఈ డబ్బా ఉండేది. నారింజ రంగు తెర మీద పదహారు పార్టులకు, అంటే ఒక్కో వాయిద్యానికి ఒకటి చొప్పున, పదహారు గీతలు ఎగిరిపడుతుంటే, వైర్లు చుట్టే పిల్లగాణ్ణి నేను పాట వదిలేసి వాటినే చూసేవాణ్ణి. నాకు కావాల్సింది ఆ తెర, ఆ మోత. అంతకుమించి సాకులేమీ లేవు.

ఫిబ్రవరి, కరెంటు సంగతి

ఎవరైనా కొనేవాళ్లుంటే ఈ భాగం జాగ్రత్తగా చదవండి. జపాన్ నుంచి వచ్చే అడాప్టర్ 100 వోల్టులది. మన 230లో పెడితే పొగే. ఇక్కడే 9 వోల్టుల డీసీ అడాప్టర్ కొనుక్కోవడం మేలు, కానీ అందులోనూ ఒక మెలిక ఉంది. మన దగ్గర దొరికే అడాప్టర్లలో ఎక్కువ వాటికి పిన్ను నడిమధ్య ప్లస్ ఉంటుంది. దీనికి నడుమ మైనస్, బయట ప్లస్ కావాలి. క్లాక్ టవర్ దగ్గర రిపేర్ షాపులో చూపిస్తే కుర్రాడు డబ్బా వెనక బొమ్మ చూడగానే పట్టేశాడు: "సార్, గిది ఉల్టా ఉంది. వైరు కోసి మార్చాలె." మార్చి, మల్టీమీటర్ పెట్టి మైనస్ 9 చూపించాకే డబ్బా నా చేతికిచ్చాడు. మీరూ మీటర్ చూడకుండా ప్లగ్ పెట్టకండి.

మొదటి అడాప్టర్‌తో స్పీకర్లలో సన్నటి గుయ్ మనే చప్పుడు వచ్చింది. పాత రకం, లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న బరువైనది పెడితే పోయింది. బటన్లు కొన్ని గట్టిగా నొక్కితేగానీ పలకలేదు. విప్పి, రబ్బరు కింద ఉన్న నల్లటి కార్బన్ చుక్కలను, బోర్డు మీది కాంటాక్టులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే దారికొచ్చాయి.

మార్చి

కంప్యూటర్‌కు కలపడానికి చవక యూఎస్‌బీ-మిడి కేబుల్ కొన్నాను. నోట్లు బాగానే వెళ్తాయి. పాట మొదట్లో డబ్బాను శుభ్రంగా మొదటి స్థితికి తెచ్చే జీఎస్ రీసెట్ లాంటి సిసెక్స్ మెసేజీలను (ఈ డబ్బాకే ప్రత్యేకమైన పొడవాటి ఆదేశాలను) మాత్రం సగంలో మింగేస్తుంది. దాంతో ముందు పాట సెట్టింగులు తర్వాతి పాటలోకి దూరి, ఫ్లూట్ ఉండాల్సిన చోట ట్రంపెట్ మోగింది. కాస్త మంచి ఇంటర్‌ఫేస్ మీద ఖర్చు పెట్టక తప్పలేదు.

బావ తన పాత మిడి ఫైళ్లు ఇచ్చాడు. ఒక్కో పాట కొన్ని పదుల కిలోబైట్లు మించదు. మొదటి పాట పెట్టగానే ఆ పాత తడి వినిపించింది. అది రివర్బ్ (పెద్ద గదిలో మోగినట్టు వచ్చే ప్రతిధ్వని) మహిమ: రీసెట్ అయ్యాక దీనిలో హాల్ 2 అనే రకం ఆన్‌లో ఉంటుంది, ప్రతి పార్టూ అందులోకి 40 మోతాదులో వెళ్తుంది. ఎవరూ మార్చేవాళ్లు కాదు కాబట్టి ఆ రోజుల్లో దీంతో చేసిన పాటలన్నిటికీ ఒకే హాలు.

చిక్కల్లా 24 వాయిస్‌ల దగ్గర వస్తుంది, అంటే ఒకేసారి అంతకు మించి మోగించలేదు. కొన్ని సౌండ్లు ఒక్క నోటుకే రెండు తినేస్తాయి. స్ట్రింగ్స్ నిండుగా పట్టుకుని పైన పియానో వాయిస్తే ఎక్కడో ఒక నోటు తెగిపోతుంది. చోటు చాలనప్పుడు డబ్బా ముందు పదో పార్టును, అంటే డ్రమ్స్‌ను కాపాడుతుంది, ఆ తర్వాత ఒకటో పార్టును, అలా వరసగా. అందుకే పాట పల్లవి పలికే వాయిద్యాన్ని ఒకటో ఛానల్‌కు, అంటే ఒకటో పార్టుకు మార్చాను. బావ ఫైళ్లలో మొదటినుంచీ అలాగే ఉంది, కారణం అడిగితే "గట్లనే పెడ్తరు" అన్నాడు.

ఏప్రిల్, డప్పు

ఎండకు మధ్యాహ్నాలు ఈ గదిలో కూర్చోలేం, పనంతా రాత్రిళ్లే. జనరల్ మిడిలో, అంటే అందరూ ఒప్పుకున్న వాయిద్యాల జాబితాలో, 112వ నంబరు షెహనాయి. మన సన్నాయి కాదు, కానీ పిచ్ బెండ్ (నోటును పైకీ కిందికీ జార్చేది) పరిధిని 12కు పెంచి జారిస్తే పెళ్లి పందిరి దాకా తీసుకెళ్తుంది. డప్పు మాత్రం అసలు లేదు.

ఉన్నవాటితోనే కట్టాను. సిర్ర (డప్పు వాయించే లావు పుల్ల) దెబ్బకు 117వ నంబరు టైకో అనే జపాన్ డోలు, కాస్త పైస్థాయి నోట్ల మీద. సిటికెన పుల్లకు, అంటే రెండో చేతిలోని సన్న పుల్లకు, డ్రమ్ కిట్‌లోని సైడ్ స్టిక్, నోటు 37. దాని శృతి పెంచడానికి కంట్రోలర్ (సెట్టింగులు మార్చే మిడి నంబరు) 99కి 24, 98కి 37, 6కి 70 పంపాలి. 64 అంటే మామూలు శృతి. అదే వరసలో 99కి 29 పంపితే ఆ ఒక్క దెబ్బ రివర్బ్ తగ్గించుకోవచ్చు. ఇది తప్పనిసరి, హాలులో నానిన డప్పు డప్పులా ఉండదు. టైకో రివర్బ్‌ను దాని ఛానల్ మీద కంట్రోలర్ 91తో తగ్గించాను.

బావకు వినిపిస్తే సిటికెన పుల్ల బాగుందన్నాడు, సిర్ర మెత్తగా ఉందన్నాడు. నిజమే. టైకో మీద డ్రమ్ కిట్‌లోని ‘లో టామ్’ను (మంద్రంగా మోగే డ్రమ్‌ను) సన్నగా కలిపి చూస్తున్నాను, కానీ దాంతో వాయిస్‌లు ఇంకా ఖర్చవుతాయి, కాబట్టి ఆ పాటలో స్ట్రింగ్స్ నోట్లు కొన్ని కోసేయాలి. వచ్చే వారం ఆ పనే.