సగం కట్టిన లోకంలో 140 గంటలు

ఒక శనివారం రాత్రి ఉప్పల్ నుంచి మా తమ్ముడు, అంటే చిన్నాన్న కొడుకు, ఫోన్ చేసి, "అన్నా, మన కోట కనిపిస్తలేదు" అన్నాడు. నిజాంపేటలోని నా గదిలో ఒక పాత కంప్యూటర్‌ను సర్వర్‌గా పెట్టుకొని మేం నలుగురం నాలుగు నెలలుగా ఆడుతున్న సర్వైవల్ క్రాఫ్టింగ్ గేమ్‌కు (దొరికిన వస్తువులతో పనిముట్లూ ఇళ్లూ తయారుచేసుకుంటూ బతికి ఉండే ఆటకు) ఆ సాయంత్రమే పెద్ద అప్‌డేట్ వచ్చింది. లాగిన్ అయి చూస్తే కొండలు ఉన్నాయి, నది ఉంది, కానీ నది ఒడ్డున మేం రాయి మీద రాయి పేర్చి కట్టుకున్న కోట ఉండవలసిన చోట గడ్డి మొలిచి ఉంది. ఆ లోకంలో నేను ఒక్కడినే గడిపిన సమయం 140 గంటలు. మనం ఆడినదంతా దాచి ఉంచే పాత సేవ్ ఫైళ్లు పాడు కావచ్చునన్న హెచ్చరిక అప్‌డేట్ వివరాల చివర ఒక వాక్యంగా ఉన్న సంగతి మాకు మర్నాడు తెలిసింది. ఆ గేమ్ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఈ బాధ ఆ ఒక్క గేమ్‌ ఆడేవారిది మాత్రమే కాదు.

పూర్తికాని గేమ్‌ను ముందే అమ్మి, ఆ డబ్బుతోనూ ఆడేవారి అభిప్రాయాలతోనూ దాన్ని పూర్తిచేసే పద్ధతికి ఎర్లీ యాక్సెస్ అని పేరు. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ ఈ పేరుతో ప్రత్యేక విభాగాన్ని 2013 మార్చిలో తెరిచింది కానీ, అంతకుముందే మైన్‌క్రాఫ్ట్ 2009 నుంచి తయారీ దశలోనే అమ్ముడై 2011 నవంబరులో పూర్తి రూపంలో విడుదలైంది. రస్ట్, డేజీ, సెవెన్ డేస్ టు డై అనే మూడు ప్రసిద్ధ సర్వైవల్ గేమ్‌లూ ఒకే నెలలో, 2013 డిసెంబరులో, స్టీమ్ ఎర్లీ యాక్సెస్‌లోకి వచ్చాయి. వాటిలో మొదటి రెండూ 2018లో పూర్తయ్యాయి, మూడవది పూర్తి విడుదలకు గుర్తైన 1.0 సంఖ్యను చేరుకునే సరికి 2024 జులై వచ్చింది. ఆ గేమ్ మొదలైనప్పుడు నాలుగో తరగతి చదువుతున్న మా తమ్ముడు అది పూర్తయ్యేనాటికి ఇంజినీరింగ్ మూడో ఏటికి చేరుకున్నాడు.

ఈ రకం గేమ్‌లు ఈ పద్ధతికి ఇంత సులువుగా అమరడానికి కారణం ఉంది. కథ మీద నడిచే గేమ్‌ను సగంలో అమ్మితే ఎవరూ కొనరు. చెట్టు నరకడం, రాయి కొట్టడం, ఆకలి తీర్చుకోవడం, చీకటి పడేలోగా గూడు కట్టుకోవడం అనే నాలుగు పనులు సరిగ్గా కుదిరితే మాత్రం లోకం ఎంత చిన్నదైనా ఆట నిలబడుతుంది, మిగిలిన ప్రాంతాలనూ జంతువులనూ పనిముట్లనూ ఒక్కొక్కటిగా తరువాత కలుపుకుంటూ పోవచ్చు. అయితే ఈ సౌలభ్యమే ఆడేవారికి చిక్కు తెచ్చిపెడుతుంది. స్టీమ్‌లో కొన్న గేమ్‌ను 14 రోజులలోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకముందు తిరిగి ఇచ్చివేయవచ్చు. కానీ సర్వైవల్ గేమ్‌లో మొదటి రెండు గంటలు ఎప్పుడూ బాగానే ఉంటాయి, ఎందుకంటే తయారుచేసేవారు అన్నింటికంటే ముందు, అన్నింటికంటే శ్రద్ధగా చేసేది ఆ భాగాన్నే. ఇనుము కరిగించి, పడవ కట్టి, సముద్రం దాటి వెళ్లిన తరువాత అవతలి తీరంలో చెట్లు తప్ప ఏమీ లేవని తెలిసేది నలభయ్యో గంటలో, అప్పటికి డబ్బు తిరిగి అడిగే గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

డబ్బు సంగతి అలా ఉంచితే, నా అసలు ఫిర్యాదు శ్రమ గురించినది. ఈ గేమ్‌లలో ఆడేవాడు చెల్లించే అసలు మూల్యం కష్టమే, వాడి చేతి పని ఆ లోకంలో గోడలుగా, పొలాలుగా, దారులుగా మిగులుతుంది, అందుకే ఒక అప్‌డేట్ నియమాన్ని మార్చినప్పుడు అది మిగతా రకాల గేమ్‌లలో కంటే ఇక్కడ ఎక్కువ నొప్పి కలిగిస్తుంది. సెవెన్ డేస్ టు డైలో ఖాళీ సీసాలను చెరువులో నింపుకొని, నిప్పు మీద కాచుకొని తాగడం ఏళ్ల తరబడి అందరికీ అలవాటైన పని. 2023లో వచ్చిన ఆల్ఫా 21 అనే వెర్షన్‌లో ఆ ఖాళీ సీసాలనే తీసివేసి, గాలిలోని తేమను నీరుగా పట్టే పరికరాన్ని తెచ్చారు. నీరు మరీ సులభంగా దొరుకుతోందన్న ఆలోచన సబబే కావచ్చు, కానీ చెరువు ఒడ్డునే ఇల్లు కట్టుకున్నవారికి ఆ చోటును ఎంచుకున్న కారణమే లేకుండా పోయింది. వాల్‌హైమ్ అనే మరో సర్వైవల్ గేమ్‌లో చిక్కు వేరే రకంగా వచ్చింది. కొత్త ప్రాంతాల అప్‌డేట్ వచ్చినప్పుడు అందులోని విశేషాలు మనం ఇంకా అడుగుపెట్టని చోట్లనే పుడతాయి, కాబట్టి ఓపికగా లోకమంతా తిరిగి వచ్చినవారికి పాత లోకంలో కొత్తది తక్కువగా దొరికింది. బాగా ఆడినందుకు నష్టపోవడం అంటే ఇదే.

రస్ట్ విషయంలో పరిస్థితి భిన్నం. అక్కడ ప్రతి నెలా మొదటి గురువారం సర్వర్లలో కట్టినదంతా తుడిచిపెట్టుకుపోతుంది, దాన్నే వైప్ అంటారు. ఇంత పెద్ద నష్టం నెలనెలా జరుగుతున్నా దాన్ని మోసమనేవారిని నేను చూడలేదు, ఎందుకంటే ఆ తేదీ ముందే తెలుసు, ఇల్లు ఎన్ని రోజులు నిలుస్తుందో తెలిసే కట్టుకుంటారు. కాబట్టి ఏదీ చెరిగిపోకూడదని మేం పట్టుబట్టడం లేదు, ఏది ఎప్పుడు చెరిగిపోతుందో ముందే తెలియాలన్నదే మా కోరిక.

నేను గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనిచేస్తాను, కనుక అవతలి పక్క ఉన్న తయారీదారుల ఇబ్బంది కూడా కొంత తెలుసు. లోపల డేటా రూపం మారినప్పుడు పాత ఫైళ్లను కొత్త రూపంలోకి తేవడం చాలా సమయం తినే పని, అది చేసినా పొగిడేవారు ఉండరు. వాల్‌హైమ్ 2021 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు దాని వెనుక ఉన్నది అయిదుగురు మనుషుల బృందం. ఆ ఏడాదిలోనే నాలుగు అప్‌డేట్‌లు ఇస్తామని రోడ్‌మ్యాప్ (చేయబోయే పనుల పట్టిక) ప్రకటించారు. నెల రోజుల వ్యవధిలో దాదాపు యాభై లక్షల ప్రతులు అమ్ముడయ్యేసరికి వచ్చిపడిన బగ్‌లను సరిచేయడంలోనే నెలలు గడిచిపోయి, ఆ నాలుగింటిలో ఒక్కటి మాత్రమే ఆ ఏడు వచ్చింది, వాటిలో మరొకటైన మిస్ట్‌ల్యాండ్స్ రావడానికి 2022 డిసెంబరు దాకా పట్టింది. ఆలస్యాన్ని నేను తప్పు పట్టను. తేదీలు వేయకుండా, ఏ వరుసలో ఏం చేస్తున్నారో మాత్రమే చెప్పి ఉంటే ఆటగాళ్ల కోపంలో సగం పుట్టేది కాదని అనుకుంటాను. అలాగే ఆలస్యమైనప్పుడల్లా డెవలపర్లను నోటికొచ్చినట్టు తిట్టడం మనవారిలోనూ ఎక్కువైంది, అది సిగ్గుపడవలసిన విషయం.

హైదరాబాద్‌లో ఉండేవారికి ఈ బేరం కొత్తదేమీ కాదు. ప్రీ లాంచ్ పేరుతో పునాది కూడా తవ్వని ఫ్లాట్‌కు డబ్బు కట్టి, సంవత్సరాల పాటు అద్దె ఇంట్లో ఎదురుచూస్తున్న కుటుంబాలు మా వీధిలోనే ఉన్నాయి. అందుకే 2016లో వచ్చిన రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం ప్రాజెక్టును నమోదు చేయకుండా అమ్మకూడదు, ఎప్పటికి పూర్తిచేస్తారో రాసి ఇవ్వాలి, కొనుగోలుదారుల నుంచి తీసుకున్న డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే విడి ఖాతాలో ఉంచాలి. గేమ్‌కు ఇంత పెద్ద చట్టం అక్కరలేదు, ఇల్లూ గేమూ ఒకటి కావు. కానీ ముందే డబ్బు తీసుకున్నవాడు దాన్ని దేనికి ఖర్చు పెడుతున్నాడో చెప్పాలన్న సూత్రం రెండింటికీ వర్తిస్తుంది. ఆర్క్ అనే సర్వైవల్ గేమ్ ఇంకా ఎర్లీ యాక్సెస్‌లో ఉండగానే, 2016 సెప్టెంబరులో, దానికి డబ్బు పెట్టి కొనవలసిన అదనపు భాగాన్ని విడుదల చేసినప్పుడు ఆటగాళ్లు తిరగబడింది ఇందుకే. 2023 డిసెంబరు 7న వచ్చిన ద డే బిఫోర్ అనే గేమ్ సంగతి మరీ దారుణం, నాలుగు రోజులకే దాన్ని తయారుచేసిన స్టూడియో మూతపడుతున్నట్టు ప్రకటించింది. కొన్నవారికి డబ్బు తిరిగి వచ్చింది కానీ వారి నమ్మకం తిరిగి రాలేదు.

మంచిగా చేసినవారూ ఉన్నారు. సబ్‌నాటికా అనే సర్వైవల్ గేమ్ మూడేళ్లకు పైగా ఎర్లీ యాక్సెస్‌లో ఉండి 2018 జనవరిలో పూర్తయింది, ఆడుతూ ఆడుతూనే గేమ్ లోపలి నుంచి అభిప్రాయం పంపే ఏర్పాటు అందులో ఉండేది. నేను పైన తప్పు పట్టిన సెవెన్ డేస్ టు డైలోనే పాత ఆల్ఫా వెర్షన్లను స్టీమ్‌లో వెర్షన్‌ను ఎంచుకునే బీటాస్ జాబితాలో ఉంచారు, సీసాలు కావాలనుకున్నవారు వెనక్కి వెళ్లి పాత పద్ధతిలోనే ఆడుకోగలిగారు. ఆ చిన్న ఏర్పాటు విలువ మాకు ఇప్పుడు బాగా తెలుస్తోంది.

మా కోట పోవడానికి మూడు వారాల ముందు నేను సేవ్ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి ఉంచాను. అది చెక్కుచెదరలేదు. కానీ కొత్త వెర్షన్‌లో దాన్ని తెరిస్తే మళ్లీ ఆ గడ్డే వస్తోంది, పాత వెర్షన్‌ను ఆ గేమ్ తయారీదారులు ఎక్కడా అందుబాటులో ఉంచలేదు. కొత్త లోకం మొదలుపెడదామని ఇద్దరు మిత్రులు అంటున్నారు. మా తమ్ముడు మాత్రం, "అన్నా, ఆల్లు పాత వెర్షన్ ఇచ్చేదాంక ఆగుదాం, నేను వాళ్లకు మెయిల్ పెట్టిన" అని పట్టుబడుతున్నాడు. ఆ మెయిల్‌కు జవాబు కోసం ఎదురుచూస్తూ నిజాంపేటలోని ఆ పాత కంప్యూటర్‌ను ఇంకా తీసివేయలేదు.