కేళీ అని పీకేయకండి

విత్తన చేలో తేడాగా కనబడ్డ మొక్కను కేళీ అని ఏరి గట్టున పారేయడం మనకు అలవాటు. విదేశంలో వరి జన్యుశాస్త్ర ల్యాబ్‌లో చేరేవాళ్లు ముందు మానుకోవాల్సింది ఆ అలవాటునే. ఇక్కడ ఆ మొక్కకే ట్యాగ్ కడతారు.

మామూలు వరిలో ఒక స్పైక్‌లెట్‌కు (కంకిలోని చిరుకంకికి) ఒకే పువ్వు, ఒకే గింజ. కొన్ని మ్యూటెంట్లలో (జన్యువు మారిన మొక్కల్లో) రెండు మూడు పువ్వులొస్తాయి. 2017లో చైనా పరిశోధకులు వివరించిన ఎల్ఎఫ్1 అనే మ్యూటెంట్ అలాంటిదే. గుత్తి రకం వేరు: అక్కడ స్పైక్‌లెట్లే కొమ్మ చివర గుంపుగా చేరతాయి. దూరం నుంచి రెండూ ఒకటే. లెన్స్ పెట్టి కాడ చూడాలి. దేని కాడ దానికుంటే గుత్తి.

క్రాసింగ్ (రెండు రకాలను సంకరం చేయడం) దగ్గరే అసలు చిక్కు. మర్నాడు విచ్చుకునే పువ్వుల కొసలు సాయంత్రం మూడో వంతు కత్తిరించి, ఆరేసి కేసరాలు ఫోర్‌సెప్స్‌తో లాగి, గ్లాసైన్ (పలుచటి నునుపు కాగితం) కవర్ తొడుగుతారు. మ్యూటెంట్‌ను తల్లిగా పెడితే పక్కన నక్కిన రెండో పువ్వు కేసరాలు మిగిలిపోయి స్వపరాగ సంపర్కం జరిగిపోతుంది. తండ్రిగా పెడితే ఆ బాధ లేదు. కానీ లక్షణం రిసెసివ్ (ఒక్క ప్రతి ఉంటే బయటపడనిది) అయితే ఎఫ్1 (సంకరం తర్వాతి మొదటి తరం) మొక్క తల్లిలాగే ఉంటుంది, నిజంగా క్రాస్ అయిందో లేదో డీఎన్ఏ మార్కర్‌తో తేల్చాల్సిందే.

ఎఫ్2లో (ఎఫ్1 గింజల నుంచి వచ్చే రెండో తరంలో) 200 మొక్కలకు 50 మ్యూటెంట్లు రావాలి. 40 వచ్చినా మామూలు మొక్కలకు, మ్యూటెంట్లకు 3:1 నిష్పత్తి నిలుస్తుంది, కై-స్క్వేర్ (అంచనాకు, వచ్చిన లెక్కకు తేడా కొలత) 2.67. 35 వస్తే 6.0, అంటే 5 శాతం స్థాయికి హద్దైన 3.84 గీత దాటింది. మొలకల్లో కొన్ని చచ్చాయేమో ముందు చూడండి.

కాంట్రాక్టు రెండేళ్లయితే లెక్క గట్టిగా వేసుకోవాలి. తరానికి నాలుగు నెలల చొప్పున క్రాస్, ఎఫ్1, ఎఫ్2లకే ఏడాది. కొత్త గింజ నిద్రావస్థ వదలడానికి 50 డిగ్రీల ఓవెన్‌లో 5 రోజులు ఉంచితే వారాలు మిగులుతాయి. ఉత్తరాది దేశాల వేసవి పగళ్లకు పగటి నిడివిని పట్టించుకునే రకాలు ఎంతకీ ఈనవు. నల్లగుడ్డ కప్పి వెలుతురు 10 గంటలకు తగ్గించాలి. పొట్ట దశలో గ్లాస్‌హౌస్ చల్లబడినా, పూత వేళ 35 డిగ్రీలు దాటినా తాలు పెరుగుతుంది. ఆ తాలును మ్యూటేషన్ ఖాతాలో రాయకండి, పక్కనే మూల రకం (మ్యూటేషన్ లేని అసలు రకం) కుండీ పెట్టి పోల్చండి.

ల్యాబ్ మీటింగ్‌లో ఒకే స్పైక్‌లెట్‌లో మూడు గింజలున్న ఫొటోకు అందరూ ముచ్చటపడతారు. వెంటనే బ్రీడర్ అడిగేది నిండు గింజల శాతం, వెయ్యి గింజల బరువు. అవి తూచకుండా స్లైడ్ పెట్టకండి.